ప్రిసెప్టర్ ట్రైనింగ్‌లో నాకు తోడు నిలిచిన అందరికీ థాంక్స్

ప్రిసెప్టర్ ట్రైనింగ్ పూర్తయింది, ఈ నెల నుంచి మా సర్జికల్ వార్డుకు వచ్చే బీఎస్సీ నర్సింగ్ పిల్లల్ని నేనే చూసుకుంటున్నాను. ఇక్కడిదాకా రావడానికి చాలామంది సాయం చేశారు, వాళ్లకి నలుగురి ముందూ థాంక్స్ చెప్పాలని ఈ పోస్టు పెడుతున్నాను.

నర్సింగ్‌లో లేనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. పోస్టింగ్‌కి వచ్చిన స్టూడెంట్‌ని వార్డు నర్సు తన పక్కనే పెట్టుకుని పని నేర్పుతుంది, ఆమెనే ప్రిసెప్టర్ అంటారు. కాలేజీ నుంచి ట్యూటర్ మేడమ్ కూడా వస్తారు గానీ ఆవిడ ఒక్కరే అన్ని వార్డుల్లో ఉన్న పిల్లల్నీ చూసుకోవాలి, ఏ బెడ్ దగ్గర ఏ అమ్మాయి ఏం చేస్తోందో ప్రతి నిమిషం చూడటం ఎవరి వల్లా కాదు. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్ తెచ్చి సెమిస్టర్ పద్ధతి పెట్టాక, స్టూడెంట్ ఎన్ని గంటలు వార్డులో ఉందన్నది ఒక్కటే చాలదు, ఏ పని సొంతంగా సరిగ్గా చేయగలుగుతోందో కూడా పక్కన ఉండి చూసి చెప్పాలి. అది రోజూ వార్డులో ఉండే మాలాంటి వాళ్లు చేయాల్సిన పనే. మా రోజుల్లో అయితే సీనియర్ సిస్టర్ వెనకాల నిలబడి చూసి నేర్చుకున్నాం, చెప్పే ఓపిక ఉన్న సిస్టర్ దొరికితే అదృష్టం.

అందుకే మొదటి థాంక్స్ మాకు ట్రైనింగ్ ఇచ్చిన మేడమ్‌కి. పేరు రాస్తే ఆవిడకి నచ్చదు కాబట్టి రాయడం లేదు. పని బాగా వచ్చినంత మాత్రాన నేర్పడం రాదని, దాన్ని విడిగా నేర్చుకోవాలని ఆవిడ దగ్గరే నాకు పూర్తిగా అర్థమైంది. పేటన్ అనే సర్జన్ 1998లో రాసిన నాలుగు మెట్ల పద్ధతి చెప్పి, మా అందరి చేతా స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ చేతి మీద ఐవీ క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి రక్తనాళంలో పెట్టే సన్నని గొట్టం) వేయించారు. మొదటిసారి మనం మామూలుగా ఎలా చేస్తామో అలాగే, మాట్లాడకుండా చేసి చూపించాలి. రెండోసారి నెమ్మదిగా, ఒక్కో పనీ ఎందుకో చెబుతూ చేయాలి. మూడోసారి స్టూడెంట్ చెబుతుంటే మనం చేయాలి, నాలుగోసారి తనే చెబుతూ తనే చేయాలి.

ఇందులో నాకు చాలా విలువైనది మూడో మెట్టు. అమ్మాయి చెప్పిందే చేయాలి, చెప్పనిది చేయకూడదు. క్యాన్యులా వెయిన్‌లోకి (రక్తనాళంలోకి) వెళ్లాక టోర్నికే, అంటే చేతికి బిగించి కట్టిన పట్టీ, వదలమని తను చెప్పలేదనుకోండి, నా చెయ్యి అలవాటుగా అటు పోతుంది, ఆపుకుని ఎదురు చూడాలి. తనకి ఎక్కడ తెలియలేదో అక్కడే బయటపడుతుంది, అదీ పేషెంట్‌కి సూది తగలకముందే! రెండో మెట్టూ తేలికేం కాదు. పింక్ క్యాన్యులా బదులు దానికన్నా సన్నగా ఉండే బ్లూ ఎందుకు తీశాను, కంటికి కనిపించే వెయిన్ వదిలేసి వేలికి మెత్తగా తగిలే వెయిన్ ఎందుకు ఎంచుకున్నాను, ఇవన్నీ ఇన్నేళ్లుగా చేస్తున్నవే, కానీ మాటల్లో పెట్టాలంటే ముందు నేను కూర్చుని ఆలోచించుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న అడిగే తీరు కూడా మేడమే నేర్పారు. ఆపరేషన్ అయిన పేషెంట్‌కి పల్స్ 120 ఉంది, బీపీ తగ్గుతోంది అనుకోండి. వెంటనే జవాబు చెప్పేయకుండా "నీకేమనిపిస్తోందమ్మా?" అని అడగాలి, తర్వాత "ఎందుకలా అనిపించింది?" అనాలి. డ్రైన్ (ఆపరేషన్ చేసిన చోటు నుంచి రక్తం, నీరు బయటికి రావడానికి పెట్టిన గొట్టం) చూస్తాను, డ్రెస్సింగ్ తడిసిందేమో చూస్తాను, యూరిన్ ఎంత వచ్చిందో చూస్తాను, డ్యూటీ డాక్టర్‌కి చెప్తాను అని తనంతట తను అంటే ఆ అమ్మాయి బ్లీడింగ్ గురించి ఆలోచిస్తోందని మనకి తెలుస్తుంది. బాగా చేసింది ఏమిటో పేరు పెట్టి చెప్పాలి, దిద్దాల్సింది ఉంటే పక్కకి తీసుకెళ్లి చెప్పాలి, పేషెంట్ ముందు, అటెండెంట్ల ముందు కాదు. పేషెంట్‌కి ప్రమాదం అనిపిస్తే మాత్రం అక్కడికక్కడే చెయ్యి పట్టుకుని ఆపాలి. ఈ తేడా ఎంత ముఖ్యమో వార్డులో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

తర్వాత మా ఇన్‌చార్జ్ సిస్టర్. క్లాసులున్న రోజుల్లో నాకు డ్యూటీ పడకుండా లిస్టు వేశారు, ఇప్పుడు స్టూడెంట్స్ ఉన్న పూట నాకు బెడ్లు తగ్గించి ఇస్తున్నారు. ఆ తగ్గించిన బెడ్లు మా తోటి స్టాఫ్ మీద పడ్డాయి, ఒక్కరు కూడా మొహం చిట్లించలేదు. నా బదులు నైట్ డ్యూటీలు చేసిన చెల్లెళ్లిద్దరికీ ఎంత చెప్పినా తక్కువే. ఒక మాట గట్టిగానే చెప్పాలని ఉంది: ఏ ఆసుపత్రిలోనైనా సరే, నేర్పమని చెప్పి బెడ్లు మాత్రం ఎప్పటిలాగే ఇస్తే నేర్పడం జరగదు, పిల్లలు టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్టులు నింపుతూ పోస్టింగ్ గడిపేస్తారు. ట్రైనింగ్ పెట్టేవాళ్లు దయచేసి డ్యూటీ లిస్టు సంగతి కూడా అప్పుడే తేల్చండి.

మా పేషెంట్లకి కూడా థాంక్స్ చెప్పాలి. స్టూడెంట్ చేస్తుందమ్మా, నేను పక్కనే ఉంటాను, మీకు ఇష్టమేనా అని అడిగితే వద్దన్నవాళ్లున్నారు, అది వాళ్ల హక్కు. కానీ ఒక పెద్దమ్మ చెయ్యి చాపి, "నేర్చుకోనీ తల్లీ, రేపు ఇంకొకరికి పనికొస్తుంది" అంది. ఆ అమ్మాయి టెన్షన్ సగం అక్కడే తగ్గింది, ఒక్కసారికే వెయిన్ దొరికింది.

ఇంట్లో మా అత్తయ్య పిల్లల్ని చూసుకోకపోతే నేను ఒక్క క్లాసుకి కూడా వెళ్లేదాన్ని కాదు. థాంక్స్ అత్తయ్యా.

జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో ఉన్న సీనియర్ సిస్టర్లు ఎవరైనా ఈ ట్రైనింగ్ గురించి ఆలోచిస్తుంటే మెసేజ్ చేయండి. క్యాన్యులా, క్యాథెటర్, డ్రెస్సింగ్ నేర్పడానికి మేము తెలుగులో రాసుకున్న చెక్‌లిస్టులు ఉన్నాయి, అడిగినవాళ్లకి ఇవ్వమని మేడమ్ చెప్పారు.