దీపాలదిన్నె ఏ శాఖ వాళ్లదో బోర్డు మీద రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల పిల్లల్ని తీసుకుని అమరావతి వెళ్లాం. అక్కడి పాత బౌద్ధ స్తూపం దీపాలదిన్నె చుట్టూ తిరుగుతుంటే మా పాప అడిగింది, నాన్నా ఇక్కడి వాళ్లు హీనయానమా మహాయానమా అని, వాళ్ల పుస్తకంలో ఆ రెండు పేర్లే ఉన్నాయి మరి. మాతో వచ్చిన గైడు శాతవాహనులు, ఆచార్య నాగార్జునుడు అని చాలా చెప్పాడు గానీ ఈ స్తూపం ఏ బౌద్ధులదో మాత్రం చెప్పలేదు.

అది రాళ్ల మీదే ఉందండి. శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పులుమావి కాలంలో ఇక్కడ ధర్మచక్రం దానం చేసినవాళ్లు, దాన్ని చైత్యక శాఖ వాళ్లకి ఇస్తున్నామని ప్రాకృతంలో చెక్కించారు. మహాసాంఘికులనే పాత బౌద్ధ శాఖలోంచి వచ్చిన శాఖ ఇది, చైత్యం అంటే స్తూపం, దాని పేరే వాళ్ల పేరు, చైత్యాన్ని పూజిస్తే పుణ్యమని నమ్మినవాళ్లు. ఇక నాగార్జునకొండలో అయితే ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి మహాచైత్యం కట్టించి అపరమహావినసేలియ అనే శాఖ ఆచార్యులకి ఇచ్చింది, అదే లోయలో బహుశ్రుతీయులనే శాఖకి ఒక విహారం, మహీశాసకులనే శాఖకి ఒకటి, సింహళం (శ్రీలంక) వాళ్లకి ఇంకోటి, అందరూ పక్కపక్కనే ఉన్నారు, నాకైతే ఇది తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

సింహళంలో పాళీలో వ్యాఖ్యానాలు రాసినవాళ్లు పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక ఈ నాలుగు శాఖల్నీ కలిపి అంధకులు అన్నారు, అంటే ఆంధ్రులనే. సముద్రం అవతలి వాళ్లు మన పేరుతో గుర్తుపెట్టుకున్న శాఖలు ఇవి, మన పిల్లలకి ఒక్కటీ తెలీదు. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఇక్కడికొచ్చి, ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మమే, అంటే వాళ్ల తత్వశాస్త్రమే, చదువుకున్నాడు.

అమరావతి శిల్పాలు లండన్ పోయాయి, చెన్నై పోయాయి, అవి తిరిగి రావాలని అందరం అడుగుతున్నాం, అడగాల్సిందే. కానీ చైత్యకుల పేరు బోర్డు మీద రాయడానికి ఏ దేశం పర్మిషనూ అక్కర్లేదు కదా.

ఆ పులుమావి శాసనంలో మాటలు, కింద తెలుగులో అర్థం, ఒక బోర్డు దిన్నె దగ్గర పెట్టమని సంబంధిత అధికారులని కోరుతున్నా. సోషల్ పాఠంలో కూడా హీనయానం మహాయానం దగ్గరే ఆపకుండా చైత్యకులు, పూర్వశైలులు, అపరశైలుల గురించి ఒక్క పేరా అయినా పెట్టండి. మా పాపకి ఆ రోజు సమాధానం నేనే చెప్పాను, కానీ దిన్నె చూడ్డానికి వచ్చే మిగతా పిల్లలకి ఎవరు చెప్తారు?

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు