లయ, తాళం గురించి నువ్వు అడిగినందుకు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అమ్మాయిని మృదంగం నేర్చుకోవడానికి పంపుతున్నావని చదివి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అది ఇంటికి వచ్చి చెప్పే లయ, తాళం, కాలం, జాతి, గతి అనే మాటలన్నీ నీకు ఒకేలా వినిపిస్తున్నాయని, కాస్త విడమరిచి చెప్పమని రాశావు. ఇది నాకు ప్రాణప్రదమైన విషయం కనుక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

లయ అంటే వేగమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక దెబ్బకూ తరువాతి దెబ్బకూ నడుమ ఉండే ఎడమే లయ. ఆ ఎడం పెద్దదైతే విళంబ లయ, అందులో సగమైతే మధ్యమం, దానిలోనూ సగమైతే ద్రుతం. ఎడం ఎంతదైనా సరే, అది చెదరకూడదు. శ్రుతి తల్లి, లయ తండ్రి అని మన పెద్దలు ఊరికే అనలేదు. వాయించేవాడి గొప్పతనం దెబ్బలో కంటే, దెబ్బకూ దెబ్బకూ మధ్యనున్న ఆ ఖాళీని కాపాడుకోవడంలోనే ఉందని నా గట్టి నమ్మకం.

ఆ ఎడాలను లెక్కగా పేర్చి మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చేలా చేస్తే అది తాళం. ఆది తాళం వేసి చూడు. తొడ మీద ఒక దెబ్బ వేసి, చిటికెన వేలితో మొదలుపెట్టి మూడు వేళ్ళు లెక్కపెడితే నాలుగు అక్షరాల లఘువు పూర్తవుతుంది. ఆపైన ఒక దెబ్బ వేసి అరచేతిని వెల్లకిలా తిప్పితే ఒక ద్రుతం, మళ్ళీ అలాగే చేస్తే రెండవ ద్రుతం. మొత్తం ఎనిమిది అక్షరాలు కలిసి ఒక ఆవర్తనం, దాని మొదటి దెబ్బ పడే చోటు సమం. ఇక్కడ ద్రుతం అనే మాట వేగాన్ని కాక తాళంలోని ఒక అంగాన్ని చెబుతుంది. అలాగే మనం బడిలో ఛందస్సు పాఠంలో చదువుకున్న లఘువుకు ఒకే మాత్ర కాబట్టి, దానినీ దీనినీ కలపవద్దు.

నువ్వు తడబడుతున్నది జాతి, గతుల దగ్గర అని నాకు అర్థమైంది. లఘువులో ఎన్ని అక్షరాలు ఉండాలో చెప్పేది జాతి: తిస్రానికి మూడు, చతురస్రానికి నాలుగు, ఖండానికి ఐదు, మిశ్రానికి ఏడు, సంకీర్ణానికి తొమ్మిది. ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళాలు ఏడింటికీ ఈ ఐదు జాతులు వర్తించి 35 తాళాలవుతాయి. మన ఆది తాళం చతురస్ర జాతి త్రిపుటయే. గతి అలా కాదు. చేయి వేసే తాళం మారదు, ఒక్కొక్క అక్షరంలో ఇమిడే మాత్రలు మారతాయి. చతురస్ర గతిలో ఆది తాళపు ఆవర్తనానికి 32 మాత్రలు ఉంటే, అదే తాళం తిస్ర గతిలో 24 మాత్రలే. చేతికి ‘తకధిమి’ చొప్పున పలుకుతూ ఒక ఆవర్తనం, వెంటనే ‘తకిట’ చొప్పున మరొకటి వెయ్యి. చేయి అదే నడకలో ఉండగా నోటిలోని నడక మారడం నీకే తెలుస్తుంది. కాలం మరీ తేలిక: తాళం కదలకుండా, పలికే అక్షరాలు రెట్టింపైతే రెండవ కాలం.

మృదంగం గురించి కూడా ఒక మాట చెప్పాలి. పనస కర్రతో చేసిన ఆ వాద్యానికి కుడి మూత మీద కరణి అనే నల్లని పూత ఉంటుంది. రాతిపొడినీ అన్నపు ముద్దనీ కలిపి పొరలు పొరలుగా రుద్ది దానిని నిలుపుతారు. ఎడమ మూతకు కచేరీ ముందు తడిపిన రవ్వ ముద్ద అంటించి, అయిపోగానే తీసేస్తారు. కరణి బరువు వల్లనే చర్మం నుంచి శ్రుతికి ఒదిగే స్వరాలు పలుకుతున్నాయని సి.వి. రామన్ 1920లో ప్రకటించిన వ్యాసంలో వివరించారు. ‘నం’ అనే పలుకు కోసం ఉంగరపు వేలిని కరణి అంచున తేలికగా ఆనించి, చూపుడు వేలితో మూత అంచు మీద కొట్టాలి. ఆ ఆనించిన వేలు కొంచెం బరువైనా నాదం మూగబోతుంది. అమ్మాయి దానితో నెలల తరబడి కుస్తీ పడితే తొందరపెట్టవద్దు.

చివరిగా ముక్తాయింపు, అంటే ఒక పలుకును మూడుసార్లు చెప్పి సమానికి చేర్చే ముగింపు. ‘తధిగిణతొం’ అనే ఐదక్షరాల పలుకును మూడుసార్లు చెబితే 15 మాత్రలు. చతురస్ర గతిలో ఆది తాళంలో లఘువు పోగా మిగిలేవి 16 మాత్రలు. కాబట్టి మొదటి ద్రుతపు దెబ్బ దగ్గర ఒక్క మాత్ర మౌనంగా ఉండి, ఆ వెంటనే అందుకోవాలి. అప్పుడు చేయి కదిలే చోట్ల వరుసగా ‘ణ’, ‘గి’, ‘ధి’ వచ్చి, ప్రతిసారీ పలుకు ఒక్కొక్క అక్షరం వెనక్కి జరిగి, నాలుగవ చోట, తరువాతి పలుకు మొదలయ్యే ‘త’ సరిగ్గా సమం మీద పడుతుంది. మొదటిసారి మా గురువుగారు నా చేయి పట్టుకుని ఇది చెప్పించిన రోజు నేను రాత్రంతా నిద్రపోకుండా మనసులో తిప్పుకున్నాను. ఇప్పటికీ ఆ ‘త’ సమాన్ని తాకినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

నువ్వు రోజూ సాయంత్రం అమ్మాయికి తాళం వెయ్యి, అది నోటితో పలుకుతుంది. సంక్రాంతికి మీరు వచ్చేసరికి ఈ 15 మాత్రలు దానికి పట్టుబడితే, మా అరుగు మీద కూర్చుని నేను తాళం వేస్తాను, అది చెబుతుంది.

నీ స్నేహితుడు