వట్టువాగల్‌లో సైన్యానికి అప్పగించిన మనుషులు ఎక్కడ? శ్రీలంక అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులు అనుర కుమార దిసనాయకె గారికి,

నమస్కారం. నేను మీ దేశ పౌరుణ్ణి కాను, సముద్రానికి ఇవతల ఉండే తెలుగువాణ్ణి. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

అంతర్యుద్ధం చివరి రోజుల్లో, 2009 మేలో, ఉత్తర శ్రీలంక తీరంలోని ముళ్లివాయిక్కాల్ ఇసుకలో చిక్కుకుపోయిన జనం బియ్యంలో నీళ్లు పోసి, దొరికితే ఇంత ఉప్పేసి, గంజి కాచుకుని బతికారు. ఇప్పటికీ ప్రతి మేలో తమిళులు ఆ గంజే కాచి కొబ్బరి చిప్పల్లో పోసి పంచుకుంటారు. దాన్ని మేమూ గంజి అనే అంటాం. 2024 మేలో, మీరింకా అధికారంలోకి రాకముందు, తూర్పు తీరంలోని సంపూర్‌లో ఆ గంజి పంచినందుకు ఆడవాళ్లను అరెస్టు చేశారు. చచ్చిపోయినవాళ్ల పేరున గంజి పోస్తే నేరమా?

ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్టీటీఈని నేను వెనకేసుకు రావడం లేదు. పిల్లల చేత తుపాకులు పట్టించింది. 1990లో జాఫ్నా ముస్లింలను కట్టుబట్టలతో వెళ్లగొట్టింది. కానీ కొడుకు ఏ జెండా కింద చనిపోయినా తల్లికి కొడుకే కదా.

ఈ సంగతి మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1987-89 తిరుగుబాటులో మీ పార్టీ జేవీపీ (జనతా విముక్తి పెరమున) కూడా ఓడిన పక్షమే. వేలమంది సింహళ కుర్రాళ్లు మాయమైపోయారు. మీ నాయకుడు రోహణ విజేవీరను చంపిన నవంబరు 13న మీ పార్టీ ఆ చనిపోయినవాళ్లందరినీ వీరులుగా తలుచుకుంటుంది. తలుచుకోవాల్సిందే. మరి రెండు వారాలు తిరక్కుండా, చనిపోయిన ఎల్టీటీఈవాళ్లను తలుచుకునే 27న దీపం పెట్టే తమిళ తల్లి మీద నిఘా ఎందుకు? జాఫ్నా దగ్గరి కోప్పాయ్‌లో ఎల్టీటీఈవాళ్ల సమాధులను బుల్డోజర్లతో చదును చేసి, వాటి మీద సైనిక శిబిరం కట్టారు. ఆ తల్లులు శిబిరం బయటే దీపం పెట్టుకుని వెళ్తున్నారు.

అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటుంది. యుద్ధం ముగిసిన రోజుల్లో ముళ్లివాయిక్కాల్‌కు దగ్గర్లోని వట్టువాగల్‌లో ఎంతోమంది తమవాళ్లను తమ చేతులతోనే సైన్యానికి అప్పగించారు. విచారించి పంపేస్తారని నమ్మారు. 2017 ఫిబ్రవరి 20 నుంచి కిలినొచ్చిలో తల్లులు ఒళ్లో ఫొటోలు పెట్టుకుని అడుగుతూనే ఉన్నారు. జవాబు వినకుండానే కొందరు కన్నుమూశారు. 2025లో జాఫ్నా దగ్గర చెమ్మనిలో సామూహిక సమాధుల తవ్వకాల్లో ఒక చిన్నారి ఎముకల పక్కన నీలం రంగు బడిసంచీ బయటపడింది. ఆ ఫొటో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2024 నవంబరులో జాఫ్నా జిల్లా ఓటర్లు ఆరు సీట్లలో మూడు మీ కూటమికి ఇచ్చారు. కోప్పాయ్ నేల వాళ్లకు తిరిగి ఇచ్చేయండి. ఉగ్రవాద నిరోధక చట్టం రద్దు చేయండి. అన్నిటికన్నా ముందు, వట్టువాగల్‌లో లొంగిపోయినవాళ్ల పేర్లు సైన్యం చేత బయటపెట్టించండి. ఆ తల్లులు ముసలివాళ్లయిపోతున్నారు.