రహీం సాబ్ పోటీలు మళ్లీ బడులకు రావాలి

సంపాదకులకు,

ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జీవితంపై 2024లో సినిమా వచ్చాక, హైదరాబాద్‌లో ఆయనకు తగిన స్మారకం ఉండాలన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తోంది. విగ్రహం పెట్టినా, ఏదైనా మైదానానికి ఆయన పేరు పెట్టినా సంతోషమే. అయితే, బడిపంతులుగా ఆయన పిల్లలకు ఆట నేర్పిన తీరును మన బడులు మరిచిపోవడమే నాకు అంతకన్నా పెద్ద లోటుగా కనిపిస్తోంది.

ఉస్మానియాలో చదువుకుంటూ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడిన రహీం, తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. కుర్రాళ్లకు ఆయన పెట్టిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒకదానిలో డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో తోసుకుంటూ ముందుకు పోవడం) నిషేధం కాబట్టి, బంతి అందినవాడు దాన్ని వెంటనే తోటివాడికి పాస్ చేయాల్సిందే. మరొకదానిలో వాటం లేని కాలితోనే తన్నాలి. చూసేవాళ్లకు నవ్వులాటగా ఉండి ఉంటుంది గానీ, రెండు కాళ్లూ సమంగా ఆడేలా, సొంత గొప్పకు పోకుండా జట్టు కోసం ఆడేలా పిల్లలను చిన్ననాడే మలచడానికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు.

ఫలితాలు అందరికీ తెలిసినవే. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత్ 1951లో ఆసియా క్రీడల స్వర్ణం సాధించి, పలువురు హైదరాబాదీలున్న జట్టుతో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనైతే, తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను బెంచీ మీద కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్లో ఒక గోలు జర్నైల్‌దే. మరుసటి ఏడాదే రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

2024లో గచ్చిబౌలి స్టేడియంలో అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగాయి, మంచిదే. కానీ ఆ స్టేడియానికి ఆటగాళ్లను అందించాల్సిన బడుల్లో ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసేసుకోవడం మామూలైపోయింది. పాఠశాల విద్యాశాఖ, క్రీడాశాఖ కలిసి రహీం నియమాలతోనే, ఆయన పేరిటే, మండల స్థాయి నుంచి ఏటా అంతర్ పాఠశాల పోటీలు నిర్వహించాలని, పీఈటీ లేని బడులకు ముందుగా వారిని నియమించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్