ముందు డాక్టరుకి చూపించుకో

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. ముసురు పట్టి బట్టలు ఆరడం లేదని మీ అమ్మ చిరాగ్గా ఉంది. బుజ్జిగాడి సీటు సంగతి ఇంకా తేలలేదు. అది అలా ఉంచు. నువ్వు మెడకి పట్టీ వేసుకుని ఆఫీసుకి వెళ్తున్నావని శ్రావణి నోరు జారింది. ఉగాది నుంచీ నొప్పి అటగా! మాకెందుకు చెప్పలేదని అడగను. ఎవరు చూశారు, ఏమన్నారు, అది చెప్పు చాలు.

మీ పెదనాన్న సంగతి నీకు సగమే తెలుసు. ఆయనకీ ఇలాగే మొదలైంది. ఎక్స్‌రే తీసి ఎముకలు అరిగాయన్నారు. ఆ మాటతో అందరూ ఊరుకున్నారు. ఆ వయసులో నొప్పి లేనివాళ్లకి తీసినా అరుగుదల కనిపిస్తుందమ్మా, నొప్పికి అదే కారణమని చెప్పలేం. బామ్ రాసుకుంటూ, మాత్రలు మింగుతూ లాక్కొచ్చారు. ఓ పెళ్లికి బయల్దేరుతూ చొక్కా గుండీ పెట్టుకోలేకపోయారు. గుండీ వేళ్ల మధ్యే ఉంది, కాజాలోకి దూరదు. పెద్దమ్మ వచ్చి పెట్టింది. తర్వాత నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. చెప్పులు వదులయ్యాయనుకుని కొత్తవి కొన్నారు. చివరికి న్యూరాలజిస్టు మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి చూసి వెంటనే ఎమ్మారై రాశారు. డిస్కు జారి వెన్నుపామునే నొక్కుతోంది. ఆపరేషన్ అయ్యాక నడక కుదుటపడింది గానీ, కుడిచేతి వేళ్లు మునుపటిలా రాలేదు.

నిన్ను భయపెట్టాలని కాదు. నీ వయసులో చాలామందికి కండరాలు పట్టేయడమే. రోజంతా లాప్‌టాప్ మీదకి వంగి కూర్చుంటే సుమారు 5 కిలోల తలని మెడ వెనక కండరాలే మొయ్యాలి కదా. కానీ అదేనని తేల్చాల్సింది చెయ్యి పట్టుకుని పరీక్ష చేసిన డాక్టరు, మందుల షాపువాడు కాదు. నొప్పి చేతిలోకి దిగుతోందా? తిమ్మిరి బొటనవేలికా, మధ్యవేలికా? వేలిని బట్టే ఏ నరం నలుగుతోందో వాళ్లు పోల్చుకుంటారు. రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా? సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా? ఉంటే వెన్ను టీబీ కూడా చూడాలి. ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లు, అక్కడికెళ్తే నీకు సగం గుర్తుండవు. పట్టీ రోజుల తరబడి వేసుకోకు, కండరాలు బలహీనపడతాయి. మెడ విరిపించుకోవడం అసలొద్దు. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం చిరిగే ప్రమాదం ఉంది.

బుజ్జిగాడి కౌన్సెలింగ్ సోమవారం. దానికి నువ్వు రానక్కర్లేదు. ఈలోపు చూపించుకుని, చీటీ ఫొటో శ్రావణికి కాదు, నాకు పంపు. అమ్మ పల్చటి తలగడ కుట్టించింది, శనివారం బస్సుకి వేస్తున్నాం. నీళ్ల క్యాన్ నువ్వు ఎత్తకు, తెచ్చిన అబ్బాయినే స్టాండు మీద పెట్టమను.

నాన్న