ఫ్రెంచి బడిని ఫీజుతో కొలవకండి

సంపాదకులకు నమస్కారం.

క్రితం ఆదివారం మీ పత్రికలో అంతర్జాతీయ పాఠశాలల మీద వచ్చిన వ్యాసాన్ని నాలుగు రోజులు ఆగి మళ్లీ చదివాను. అప్పటికీ మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను. విదేశాల్లోని ఫ్రెంచి బడుల గురించి అర పేజీ రాసి, ఫీజులు, ఈతకొలను, ఏసీ బస్సులు తప్ప, అక్కడి పసిపిల్లలకు ఏ భాషలో ఏం నేర్పుతున్నారో ఒక్క వాక్యమైనా రాయకపోవడం అన్యాయం.

యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు ఇప్పటికీ ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. మా అల్లుడిది అలాంటి కుటుంబం, ఉద్యోగం సింగపూర్‌లో. మా మనవరాలు అక్కడి ఫ్రెంచి బడిలో మూడో ఏట 'మాతెర్నెల్' అనే శిశు తరగతుల్లో చేరి, ఆరో ఏట ఒకటో తరగతికి, అంటే వాళ్ల 'సే పే'కి వచ్చింది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు దాని నోటు పుస్తకాలు తిరగేశాను. ఊదారంగు నిలువు గీతలు, వాటిని కోస్తూ రెండేసి మిల్లీమీటర్ల ఎడంతో సన్నని అడ్డగీతలు, ఆ గీతలు దాటకుండా గొలుసుకట్టు రాత. 1892లో సెయెస్ అనే పుస్తకాల వ్యాపారి రూపొందించిన ఆ గీతల మీదే ఫ్రాన్సులోని పల్లెటూరి పిల్లలూ నేటికీ అక్షరాలు దిద్దుతారు. ఇంకో పుస్తకంలో ఒక పేజీలో పద్యం, ఎదుటి పేజీలో దానికి తగిన బొమ్మ. పద్యాన్ని కంఠతా అప్పజెప్పాలి. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, పద్యాలు అప్పజెప్పించడం దండగని మా బడికే వచ్చి చెప్పిపోయిన తనిఖీ అధికారులను చూసినదాన్ని కాబట్టి, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఫీజులు ఎక్కువే, కాదనను. అయితే ఆదాయం చాలని ఫ్రెంచి పౌరుల పిల్లలకు కాన్సులేటు ద్వారా ఉపకారవేతనం ఇస్తారన్న మాట మీ వ్యాసంలో ఎందుకు లేదు? 1990లో విదేశాల్లోని ఫ్రెంచి చదువుల కోసమే ఫ్రాన్సు ప్రభుత్వం ఏర్పాటు చేసిన సంస్థ 130కి పైగా దేశాల్లోని బడులను చూసుకుంటోంది. ఫ్రాన్సు విద్యాశాఖ గుర్తింపు ఉన్న బడిలో చదివిన పిల్ల, రేపు పారిస్‌లోని ప్రభుత్వ బడికి మారినా ప్రవేశపరీక్ష రాయనక్కరలేదు. పుదుచ్చేరిలో 1826లో పెట్టిన ఫ్రెంచి బడి, 1954లో ఫ్రెంచి పాలన పోయినా నేటికీ నడుస్తూనే ఉంది.

దేశం దాటిన పసిపిల్లలకు సైతం తమ భాషలోనే చదువు చెప్పించాలని వాళ్లు ఇంత ఏర్పాటు చేసుకుంటే, సొంతగడ్డ మీద మన ఏలికలు చేసిందేమిటి? 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మాధ్యమమని జీవో తెచ్చారు, 2020లో హైకోర్టు కొట్టేసినా వెనక్కి తగ్గలేదు. అంతర్జాతీయ స్థాయి అంటే ఇంగ్లీషేనని సభల్లో చెప్పే అధికారులు ఫ్రెంచి బడిలో ఒకటో తరగతి పుస్తకం ఒక్కటి తెరిచి చూసినా బాగుండేది.

దయచేసి మీ విలేఖరిని పుదుచ్చేరి పంపి, అనుమతి తీసుకుని చిన్న తరగతుల్లో ఒక పూట కూర్చోమనండి. అక్కడ చూసినదాన్ని కూడా అంతే పెద్దగా, అదే ఆదివారం పేజీలో వేయండి.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, యానాం