రోజూ పొద్దున్నే మీకు ఒక మెసేజ్ ఎందుకు వస్తోందంటే

ఒంగోలులోని మా దుకాణం ద్వారా ఆఫీసు కంప్యూటర్ల నిర్వహణ చేయించుకుంటున్న కస్టమర్లందరికీ నమస్కారం. పది రోజులుగా ఉదయం 8 గంటలకు మా దగ్గర నుంచి మీ ఫోన్‌కు ఒక మెసేజ్ వస్తోంది. అది అనవసరమని, ఆపేయమని కొందరు అడిగారు. ఆపకపోవడానికి కారణం మా వల్ల జరిగిన ఒక పొరపాటు. ఆ సంగతి మా నోటితోనే మీకు తెలియడం మంచిదని ఇది రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం వరకు మా కుర్రాడు బండి వేసుకుని చీమకుర్తి, టంగుటూరు, సింగరాయకొండ తిరిగి, ఒక్కొక్క కంప్యూటర్ ముందు కూర్చుని డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూసి, పనికిరాని తాత్కాలిక ఫైళ్ళు తీసివేసి, లెక్కల ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి వచ్చేవాడు. విండోస్ 10, 11 రెండింటిలోనూ కంప్యూటర్‌కు ఆదేశాలు ఇవ్వడానికి పనికొచ్చే పవర్‌షెల్ 5.1 అనే ప్రోగ్రామ్ ముందే ఉంటుంది కాబట్టి, కొత్తగా ఏమీ కొనకుండానే ఈ పనులన్నింటికీ స్క్రిప్టులు (వరుసగా చేయవలసిన ఆదేశాల జాబితాలు) రాసి, రాత్రి 9 గంటలకు వాటంతటవే నడిచేలా, చెప్పిన వేళకు పనులు మొదలుపెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను. పని తేలికైంది, మనిషి మరిచిపోయే ప్రమాదమూ తప్పింది. అయితే మనిషికి, స్క్రిప్టుకు ఉన్న ఒక తేడాను నేను సరిగా పట్టించుకోలేదు. దారిలో బండి ఆగిపోతే కుర్రాడు ఫోన్ చేస్తాడు. స్క్రిప్టు మాత్రం, చెప్పమని మనం ముందుగా రాసిపెట్టినది తప్ప ఇంకేమీ చెప్పదు.

కాపీ చేయడానికి నేను వాడినది విండోస్‌తో పాటే వచ్చే రోబోకాపీ. మామూలుగా ఏ ప్రోగ్రామైనా పని సవ్యంగా ముగిస్తే 0 అని తిరిగి చెబుతుంది. రోబోకాపీ అలా కాదు: కాపీ చేయవలసినవి ఏమీ లేకపోతే 0, కొత్త ఫైళ్ళను చక్కగా కాపీ చేస్తే 1, ఏదైనా విఫలమైతే 8 లేదా అంతకన్నా పెద్ద సంఖ్య చెబుతుంది. ఇది గమనించకుండా నేను రాసిన మొదటి స్క్రిప్టు, కాపీ బాగా జరిగిన ప్రతి రాత్రీ "బ్యాకప్ విఫలమైంది" అని మీకు మెసేజ్ పంపేది. మీలో చాలామంది విసుక్కున్నారు, అది న్యాయమే. ఆ లెక్క సరిచేశాను. సరిచేసిన చేత్తోనే, ఇక మెసేజ్‌ల బెడద లేకుండా, నిజంగా విఫలమైతేనే మెసేజ్ వచ్చేటట్టు మార్చాను. అసలు తప్పు అక్కడ జరిగింది.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో కంప్యూటర్‌ను రాత్రిళ్ళు ఆపరు, స్క్రిప్టు కోసం ఆపవద్దని చెప్పింది నేనే. గుమాస్తా గారు ఒక సాయంత్రం లెక్కల సాఫ్ట్‌వేర్‌ను మూయకుండానే ఇంటికి వెళ్ళారు. ఆ తర్వాత అదే అలవాటైంది. తెరిచి ఉన్న ఆ ఫైలును కాపీ చేయడానికి వీలుపడక రోబోకాపీ ఆగి, 30 సెకన్ల తర్వాత మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ ఆగింది. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే అది ఒక్కొక్క ఫైలు కోసం 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. 30 సెకన్ల చొప్పున లెక్కవేస్తే దాదాపు 347 రోజులు. టాస్క్ షెడ్యూలర్‌లో మామూలుగా ఉండే ఏర్పాటు ప్రకారం, పాత పని ఇంకా నడుస్తుండగా అదే పని రెండోసారి మొదలు కాదు. మూడు రోజులు దాటాక షెడ్యూలరే దాన్ని ఆపివేసేది, మళ్ళీ మొదలైనప్పుడు అదే ఫైలు దగ్గర అదే కథ. పని ముగియలేదు కాబట్టి విఫలమూ కాలేదు, విఫలం కాలేదు కాబట్టి మెసేజ్ రాలేదు. మెసేజ్ రాలేదు కాబట్టి అంతా బాగుందని నేను దుకాణంలో నిశ్చింతగా కూర్చున్నాను.

పదకొండు రోజుల తర్వాత ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోయింది. కొత్త డిస్క్ వేసి బ్యాకప్ ఎక్కించి ఇచ్చాక యజమాని గారు తెర వంక చూసి, "అబ్బాయా, ఐదో తారీఖు తర్వాత ఒక్క లోడు బిల్లు కూడా అగపడటం లేదే" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. నేనూ మా కుర్రాడూ రెండు రోజులు అక్కడే కూర్చుని కాగితం బిల్లులు చూసి అన్నీ మళ్ళీ ఎక్కించాము. ఆ నెల ఫీజు తీసుకోలేదు.

ఇప్పుడు స్క్రిప్టు తెరిచి ఉన్న ఫైలు కోసం 5 సెకన్ల తేడాతో రెండుసార్లే ప్రయత్నిస్తుంది. మొత్తం పని రెండు గంటలు దాటితే ఆగి, విఫలమైందని చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అంతా బాగున్నా సరే ఉదయం మెసేజ్ వస్తుంది. అందులో ఎన్ని ఫైళ్ళు కాపీ అయ్యాయో, బ్యాకప్‌లోని లెక్కల ఫైలు ఏ తేదీదో ఉంటుంది. దయచేసి ఆ తేదీని ఒక్కసారి చూడండి. నిన్నటి తేదీ లేకపోతే మెసేజ్ వచ్చినా లాభం లేదు.

విండోస్ 10 మీద ఉన్నవారు ఇదే జాగ్రత్తతో ఇంకొక మాట గమనించాలి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు మద్దతు ముగిసింది. భద్రతా అప్‌డేట్లను ఇంకొంతకాలం ఇచ్చే మైక్రోసాఫ్ట్ పొడిగింపు పథకంలో చేరని కంప్యూటర్లో "కొత్త అప్‌డేట్లు లేవు" అని కనిపిస్తే అది ఆరోగ్యానికి గుర్తు కాదు, ఇక రావడం ఆగిపోయాయని అర్థం.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను కూడా స్క్రిప్టుతో ఖాళీ చేయించమని ఇద్దరు ముగ్గురు అడిగారు. అది మాత్రం చేయను. మన ఆఫీసుల్లో జీఎస్టీ రిటర్నుల కాపీలు సగం అక్కడే ఉంటాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీ వైపు నుంచి నేను కోరేవి రెండే. సాయంత్రం వెళ్ళేముందు లెక్కల సాఫ్ట్‌వేర్ మూసివేయండి, కంప్యూటర్ మాత్రం ఆపవద్దు. విండోస్ పాస్‌వర్డ్ మారిస్తే ఆ రోజే మాకు తెలియజేయండి. షెడ్యూలర్ దగ్గర పాతదే ఉండిపోతే ఆ రాత్రి పని మొదలే కాదు. ఉదయం 8:30 దాటినా మెసేజ్ రాకపోతే, ఆదివారమైనా సరే, ఫోన్ చేయండి. షట్టర్ 9:30కి తీస్తాము కానీ ఫోన్ 8 నుంచే నా చేతిలో ఉంటుంది.